ఐలన్న పలక మీద ఖాళీ మేకు

పటాన్‌చెరులో ఆ సందులో ఉన్నవాళ్ళంతా షిఫ్టుల మనుషులు. ఒకాయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కి బొల్లారం పోతుంటే ఇంకొకాయన డ్యూటీ దిగి ఇంటికొస్తుంటాడు. మొగుడు వచ్చే వేళకి పెళ్ళాం ఉండదు, పెళ్ళాం వచ్చే వేళకి పిల్లలు ట్యూషన్‌కి పోయుంటారు. అందుకని సందు మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఐలన్న, ఇరవయ్యేళ్ళ కిందట ఒక చెక్క పలక తెచ్చి దానికి వరసగా మేకులు కొట్టాడు. ఇంటికో మేకు. పోయేవాళ్ళు తాళంచెవి అక్కడ తగిలించి పోతారు, వచ్చేవాళ్ళు తీసుకుపోతారు. ఇన్నేళ్ళలో ఒక్క తాళంచెవి పోలేదు, ఒక్క ఇంట్లో గరిటె కూడా పోలేదు. ఆ పలక మీద పద్నాలుగో మేకు సూర్యారావు గారిది.

ఆ మేకును ఖాళీ చేయించిన మహానుభావుడు సూర్యారావు గారి ఒక్కగానొక్క కొడుకు ప్రవీణ్‌కుమార్. అతని వైభోగం గురించి ఎవరైనా చెప్పాలంటే అతని భార్య ఇంద్రజే చెప్పాలి. అంతా ఆవిడ నెత్తి మీదుగానే జరిగింది మరి.

సూర్యారావు గారిది ఏలూరు దగ్గర పల్లె. కుర్రతనంలోనే ప్రభుత్వ ప్లాంటులో ఫిట్టర్ ఉద్యోగం దొరికి ఇటొచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యాడు. భార్య హైమావతి పోయి నాలుగేళ్ళు. కొడుకు బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. అక్కడ చుట్టూ ఇట్టే అంటుకునే సాల్వెంట్లు, నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. అందుకని ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టి, టోకెన్ తీసుకుని లోపలికి పోవాలి. అంటే ఎనిమిది గంటల పాటు ఆయనగారి చేతిలో ఫోను ఉండదు. ఆ ఉపవాసమంతా ఇంటికొచ్చి తీర్చుకునేవాడు. చెప్పులు విప్పకముందే ఫోను తీసి, ఏ లైటు వెలుగుతోందో, ఏ ఫ్యాను తిరుగుతోందో అందులో చూసుకునేవాడు. తల ఎత్తి చూస్తే కనిపించేదే అదంతా.

మొదట మంచినీళ్ళ ట్యాంకుకి ఏదో కన్ను పెట్టాడు. అది నీటిమట్టం కొలిచి ఫోనుకి చెబుతుందట. మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ఇదేదో మంచిదేననుకుంది ఇంద్రజ కూడా. ఒకరోజు నెత్తికి కుంకుడు రసం పట్టించుకున్నాక నీళ్ళాగిపోయాయి. కళ్ళు మండుతూ లోపల్నుంచి కేకేస్తే, ప్రవీణ్‌కుమార్ తలుపు బయట నిలబడి, ట్యాంకు నూటికి నూరుపాళ్ళు నిండి ఉందనీ, ఫోను అలాగే చెబుతోందనీ వాదించాడు. చివరికి సూర్యారావు గారు మేడెక్కి చూస్తే ట్యాంకులో చుక్క లేదు, ఆ కన్ను మీద బల్లి పడుకుని ఉంది. బిందెడు నీళ్ళు పక్కింట్లోంచి మోసుకొచ్చింది కూడా ఆ ముసలాయనే. ప్రవీణ్‌కుమార్ మాత్రం ఆ కన్ను చేసినవాళ్ళకి రేటింగులో ఒక్క చుక్కే ఇచ్చి, బల్లుల సంగతి వాళ్ళు ఆలోచించలేదని అర పేజీ ఇంగ్లీషు రాశాడు.

తర్వాత మాటలు వినే డబ్బా వచ్చింది. లైటు ఆర్పమంటే వాతావరణం చెప్పేది. దాంతో మాట్లాడటానికి ఆయనగారు గొంతు మార్చి, యాస మార్చి, చంటిపిల్లని బతిమాలినట్టు బతిమాలేవాడు. అంత మెత్తగా నాతో ఎప్పుడు మాట్లాడారని ఇంద్రజ ఒకసారి అడిగింది కూడా. విన్నాడో లేదో తెలియదు.

ఆ తర్వాత ఇల్లు ఊడ్చే గుండ్రటి మిషన్. దానికి 'బంగారం' అని పేరు పెట్టాడు. బంగారం ఊడవాలంటే నేల మీద ఏమీ ఉండకూడదు. కుర్చీలు మంచం మీదికి ఎక్కించాలి, తివాచీ చుట్టాలి, వైర్లు పైకి కట్టాలి, తలుపు దగ్గర ముగ్గు వెయ్యకూడదు. చీపురుతో పావుగంటలో అయ్యే పనికి, మిషన్ కోసం ఇల్లు సర్దడానికే అరగంట పట్టేది. సర్దేది ఎవరంటారు? ఇంకెవరు, ఇంద్రజే. బంగారం ఊడ్చిందని ఫోనులో పచ్చ టిక్కు పడేది. ఆ టిక్కు చూసి ఆయన మురిసిపోయేవాడు.

ఆ మిషన్ మూలాన్నే సూర్యారావు గారి పనిముట్ల పెట్టె ఇల్లు వదలాల్సి వచ్చింది. ప్లాంటు రోజుల నాటి ఇనుప పెట్టె అది. సుత్తి, ఉలి, స్పానర్లు, ఆకురాళ్ళు అన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంటాయి. హాల్లో ఒక మూల ఎవరికీ అడ్డం లేకుండా పడి ఉండేది. దానికి తగిలి బంగారం దారి తప్పుతోందని ప్రవీణ్‌కుమార్ ఒకటే గొణుగుడు. ఈ కాలంలో ఈ తుక్కు ఎవరు వాడతారు నాన్నా, ఏం కావాలన్నా ఫోనులో నొక్కితే మనిషొస్తాడు అన్నాడు. ముసలాయన ఐలన్నని పిలిచి, చెరో చెవీ పట్టుకుని ఆ పెట్టెను మోసుకెళ్ళి ఇస్త్రీ బండి కింద పెట్టి వచ్చాడు. ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.

ఇదంతా ఒక ఎత్తు, తాళం ఒక ఎత్తు.

ఒక ఆదివారం వీధి తలుపుకి ఉన్న గడియ, తాళంకప్ప పీకేసి కొత్త తాళం బిగించాడు. సెల్లుల మీద నడుస్తుంది, తాళంచెవి అక్కర్లేదు, వేలు పెడితే తెరుచుకుంటుంది. వీడియో చూస్తూ సొంతంగా బిగించాడు, మూడు గంటలు పట్టింది. పాత తాళంకప్పని పాత ఇనుము వాడికి వేశాడు. నేరుగా ఐలన్న దగ్గరికి పోయి, పద్నాలుగో మేకు మీది తాళంచెవి తీసుకుని, నలుగురిలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇళ్ళ తాళంచెవులు రోడ్డు మీద వేలాడదీయడం ఎంత అనాగరికమో చెప్పాడు. ఐలన్న చొక్కా కాలర్ మడత పెడుతూ విన్నాడు. "మంచిది సారూ. మేకు మాత్రం పీకను, గట్లనే ఉండనియ్యి," అని ఊరుకున్నాడు.

తాళంలో ముగ్గురి వేళ్ళూ ఎక్కించబోయాడు. ప్రవీణ్‌కుమార్ వేలు పెట్టగానే అది కిలకిలమని తెరుచుకునేది. గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, బడిలో సుద్దముక్క పట్టే ఇంద్రజ వేలికి నాలుగుసార్లలో ఒకసారి తెరుచుకునేది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆకురాయి పట్టిన సూర్యారావు గారి బొటనవేలికి అసలు గీతలే లేవు, ఆయన్ని తాళం మనిషిగానే ఒప్పుకోలేదు. ఐదుసార్లు తప్పు పడితే తాళం మొరాయించి, యజమాని ఫోనుకి కబురు పంపుతుంది. యజమాని ఫోనులో సరే అంటేనే ఇక తెరుచుకునేది.

ఇంద్రజ ఆ రోజే అడిగింది, డ్యూటీలో ఉన్నప్పుడు మీ ఫోను లాకర్లో ఉంటుంది కదా, అప్పుడెలా అని. ప్రవీణ్‌కుమార్ నవ్వాడు. తెలివితక్కువ వాళ్ళని చూసి జాలిపడే నవ్వు అది. ఇంత పెద్ద కంపెనీ ఇవన్నీ ఆలోచించకుండానే తయారుచేస్తుందా అన్నాడు. అంత గొప్పగా ఆలోచించిన కంపెనీకి తన మొగుడు బొల్లారంలో పనిచేస్తాడని ఎవరు చెప్పారో ఇంద్రజకి అర్థం కాలేదు.

ఇంద్రజకి ఆ నెలలోనే ఒక మంచి జరిగింది. ఆరేళ్ళుగా ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, వంటింట్లో పుస్తకం పెట్టుకుని చదివి రాసిన గురుకులం టీచర్ పరీక్షలో పేరు వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట లోపల సంగారెడ్డిలో సర్టిఫికెట్లు చూపించాలి. ఒరిజినల్సే కావాలి. రాకపోతే వరసలో తర్వాతి పేరుకి పోతుంది. వయసు లెక్కన ఆవిడకి ఇదే ఆఖరి అవకాశం. పదో తరగతి మెమో నుంచి బీఎడ్ దాకా అన్నీ నీలం ఫైల్లో పెట్టి, ముందు రోజే సోఫా మీద సిద్ధంగా ఉంచింది.

మంగళవారం పొద్దున్న మామగారి బీపీ మాత్రలు అయిపోయాయి. డిస్పెన్సరీ తొమ్మిదింటికి తెరుస్తారు, ఆయన్ని తీసుకుని వెళ్ళి పదింటికల్లా వచ్చేస్తే పదిన్నర బస్సు ఎక్కొచ్చు అనుకుంది. ప్రవీణ్‌కుమార్ అప్పటికే పొద్దుటి ఎ-షిఫ్టుకి పోయాడు. అనుకున్నట్టే పదింటికి తిరిగొచ్చి తాళం మీద వేలు పెట్టింది. ఎర్ర లైటు. వేలు చీర కొంగుకి తుడుచుకుని పెట్టింది. ఎర్ర లైటు. ఇంకో వేలు పెట్టింది. కంగారులో చెమట, చెమటకి మళ్ళీ ఎర్ర లైటు. ఐదోసారికి తాళం ఆడగొంతుతో, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, యజమాని అనుమతి కోసం ఎదురుచూస్తున్నానని చెప్పింది.

కిటికీలోంచి చూస్తే నీలం ఫైలు సోఫా మీదే కనిపిస్తోంది. గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టినా అంత దూరం అందదు, కర్రతో లాగినా అంత లావు ఫైలు ఆ సందులోంచి రాదు. వెనక తలుపుకి లోపల్నుంచి గొళ్ళెం. పదిన్నర కాగానే లోపల బంగారం నిద్రలేచింది. దాని వేళకి అది సోఫా చుట్టూ తిరుగుతూ, గోడకి గుద్దుకుంటూ, ఖాళీ ఇంటిని ఊడవటం మొదలుపెట్టింది. ఇంద్రజకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

కంపెనీ గేటుకి ఫోను చేసింది. సెక్యూరిటీ అతను పేరు రాసుకుని, సారు బ్లాకులో ఉన్నాడు మేడం, బ్యాచ్ నడుస్తున్నది, కబురు పంపిస్త అన్నాడు. ఆ కబురు అంది, బ్యాచ్ ఇంకొకరికి అప్పజెప్పి, గౌను విప్పి, చేతులు కడిగి, గేటు దాకా నడిచి, టోకెన్ ఇచ్చి ఫోను తీసుకుని ఆవిడకి చేసేసరికి నలభై నిమిషాలు. పదకొండు దాటింది. ఈలోగా సందులో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ వైఫై డబ్బాకి ఆ లైను ఇవ్వలేదు, ఆ పని వచ్చే ఆదివారం చేద్దామనుకున్నాడట. వైఫై లేకపోతే ఆయన ఫోనులో ఎంత సరే అన్నా తాళానికి వినపడదు.

"కంగారు పడకు, ఎమర్జెన్సీకి మామూలు తాళంచెవి కూడా ఇచ్చారు," అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"ఎక్కడుంది?"

"బాక్సులో."

"బాక్సెక్కడుంది?"

ప్రవీణ్‌కుమార్ కొన్న వస్తువుల అట్టపెట్టెలు పారేయడు. రేపు అమ్మితే పెట్టెతో సహా అమ్మొచ్చని వారంటీ కాగితాలతో సహా దాచిపెడతాడు. తాళం తాలూకు పెట్టె, అందులో రెండు తాళంచెవులు, బీరువాలో ఉన్నాయి. బీరువా ఇంట్లో ఉంది.

అప్పుడైనా సిగ్గుపడ్డాడా అంటే, లేదు. కస్టమర్ కేర్‌కి కంప్లైంట్ పెడుతున్నానన్నాడు. ఇరవై నాలుగు గంటల్లో మనిషిని పంపుతారట. సంగారెడ్డి ఆఫీసు వాళ్ళకి ఫోను చేసి రేపు వస్తానని చెప్పమన్నాడు, వాళ్ళేమన్నా రాక్షసులా అన్నాడు. చివర్లో మాత్రం గొంతు గట్టిగా చేశాడు. "తలుపు జోలికి మాత్రం పోవద్దు ఇంద్రజా. తాళం పగలగొడితే వారంటీ పోతుంది."

ఇంద్రజ ఫోను పెట్టేసింది. అరుగు మీద కూలబడి, ఎదురుగా ఉన్న మామగారితో ఒకటే మాట అంది. "ఆరేళ్ళు చదివాను మావయ్యగారూ."

సూర్యారావు గారు అప్పటిదాకా తాళం వైపు చూడనే లేదు. తలుపు వైపు చూస్తున్నాడు. ఆ తలుపు ఆయన పెట్టించిందే. హాలు ఇరుకని, బయటికి తెరుచుకునేలా చేయించాడు. అలా చేయిస్తే మడతబందులు బయటికే ఉంటాయి. మూడు మడతబందులు, మూడింటికీ పైనుంచి కిందికి దిగిన ఇనుప పిన్నులు, ముప్పై ఏళ్ళ రంగు కింద నిద్రపోతున్నాయి. ఆయన మాత్రల కవరు కోడలి చేతికిచ్చి లేచి, సందు మొగకి నడిచాడు.

"ఐలా, నా డబ్బా తియ్యి," అన్నాడు.

ఐలన్న ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, బండి కింది నుంచి ఇనుప పెట్టె లాగాడు. ఎలా మోసుకుపోయారో అలాగే చెరో చెవీ పట్టుకుని తీసుకొచ్చారు. సూర్యారావు గారు ఒక సన్నటి ఉక్కు కడ్డీ, సుత్తి తీశాడు. కింది పిన్ను కింద కడ్డీ ఆనించి, రెండు చుక్కలు నూనె వేసి, ఓపిగ్గా కొట్టాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఒక పిన్ను, రెండో పిన్ను. మూడోది మొండికేస్తే ఐలన్న తలుపును భుజంతో ఎత్తిపట్టాడు. అది కూడా ఊడింది. ఉలి దూర్చి మడతబందుల వైపు నుంచి లాగితే, తలుపు తలుపంతా పక్కకి జరిగి చేతుల్లోకి వచ్చింది. కంపెనీ వాళ్ళు అన్నీ ఆలోచించి చేసిన ఆ తాళం, నాలిక బయటపెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, తలుపుతో పాటే వచ్చింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, గీత కూడా పడలేదు. అంతా కలిపి పన్నెండు నిమిషాలు.

తలుపును గోడకి చేరవేశారు. ఇంద్రజ లోపలికి పరిగెత్తి, కాళ్ళకి అడ్డం వచ్చిన బంగారాన్ని పక్కకి తన్ని, ఫైలు తీసుకుని బయటికొచ్చింది. గుమ్మం చూసి ఆగింది. తలుపు లేని ఇల్లు వదిలి ఎలా పోవడం?

సూర్యారావు గారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు వెళ్ళమ్మా. తలుపు బదులు నేనుంటాను."

పదకొండున్నర దాటాక బస్సు దొరికింది. ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని బస్సు కదలనప్పుడు ఇంద్రజ ఫైలును గుండెలకి అదుముకుని, ఆ తాళాన్నీ, దాన్ని కొన్నవాడినీ, కట్టబెట్టిన తన పుట్టింటివాళ్ళనీ కలిపి మనసులో తిట్టింది. పన్నెండు నలభైకి సంగారెడ్డి ఆఫీసు గేటు దాటింది. కాగితాలన్నీ చూశారు, సంతకాలు పెట్టించుకున్నారు, సరిగ్గా ఉన్నాయన్నారు. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి పది నిమిషాలు ఏడ్చింది. ఏడుపయ్యాక బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి, ఒక గడియ, దానికో మామూలు తాళంకప్ప కొనుక్కుంది. దాంతో పాటు మూడు తాళంచెవులు ఇచ్చారు.

సందు మొగలో ఆవిడ ఆటో దిగే వేళకే కంపెనీ బస్సు ఆగింది. ప్రవీణ్‌కుమార్ ఫోను చూసుకుంటూ దిగాడు. భార్యని చూడగానే ముఖం వెలిగింది. పొద్దుటి నుంచీ పక్కింట్లో ఉండిపోయిందని అనుకున్నాడో, అరుగు మీదే కూర్చుని ఉందని అనుకున్నాడో ఆయనకే తెలియాలి. కరెంటు వచ్చిందట, తాళం మళ్ళీ లైనులోకి వచ్చిందట. ఫోను ఆవిడ ముఖం ముందు పెట్టాడు. ఆకుపచ్చ ఇంటి బొమ్మ, దాని మధ్య తాళం బొమ్మ, తలుపు మూసి ఉందనీ ఇల్లు భద్రమనీ రాసి ఉంది.

"చూశావా? పొద్దున్నించీ ఒక్కడు తెరవలేకపోయాడు. క్వాలిటీ అంటే ఇదీ," అన్నాడు.

ఇంద్రజ ఇంటి వైపు నడిచింది. ఆయన పక్కనే నడుస్తూ, వైఫైకి ఇన్వర్టర్ లైను ఎలా ఇవ్వాలో చెబుతున్నాడు. మలుపు తిరిగారు. గోడకి చేరవేసిన తలుపు ఎండలో నిలబడి ఉంది, దాని మీద తాళం ఆకుపచ్చగా వెలుగుతోంది. పక్కన తెరిచి ఉన్న గుమ్మంలో సూర్యారావు గారు కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ ఐలన్న పోసిచ్చిన టీ తాగుతున్నాడు. ఆయన పాదాల దగ్గర బంగారం ఆగిపోయి ఉంది. ప్రవీణ్‌కుమార్ ఫోను చూశాడు, తలుపు చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు.

"వారంటీ..." అన్నాడు.

అప్పుడు ఇంద్రజ ఆగింది. "బస్టాపు నుంచి ఇక్కడి దాకా తాళం సంగతి చెప్పారు. నా పని ఏమైందని ఒక్కసారి అడగలేదు. అయింది. మీ నాన్నగారి తుక్కు వల్ల అయింది."

ఇంద్రజ సంచిలోంచి గడియ, తాళంకప్ప తీసి మామగారి ఒళ్ళో పెట్టింది. మూడు తాళంచెవుల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఒకటి తన కొంగున ముడేసుకుంది. మూడోది ఐలన్నకిచ్చింది. ఐలన్న దాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "మేకు ఖాళీగనే ఉన్నది బిడ్డా," అంటూ తీసుకుని తన బండి వైపు నడిచాడు.

"మరి నాకు?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"మీకెందుకండీ? మీ ఫోనులో ఇల్లు భద్రంగానే ఉందిగా."

సూర్యారావు గారు టీ గ్లాసు కింద పెట్టి, మూడు పిన్నులు, సుత్తి కొడుకు చేతికి అందించాడు. చీకటి పడకముందు తలుపు ఎక్కించమని చెప్పి, బీపీ మాత్ర వేసుకోవడానికి లోపలికి వెళ్ళాడు.